కేప్ బఫెలోకి ఏ తూటా? .375 చాలా, .458 కావాలా?

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటున్నాను. పన్నెండేళ్లుగా టెక్సాస్‌లో .30-06తో జింకల్ని, అడవి పందుల్ని వేటాడుతున్నాను. వచ్చే ఆగస్టులో జింబాబ్వేలోని జాంబేజీ లోయలో కేప్ బఫెలో కోసం పది రోజుల సఫారీ బుక్ చేసుకున్నాను. దానికి కొత్త రైఫిల్ కొనాలి. షూటింగ్ రేంజ్‌లో మిత్రులేమో .458 లాట్ కంటే తక్కువైతే ప్రాణాలతో చెలగాటమే అంటున్నారు. షాపాయన .375 సరిపోతుందంటాడు. ఇంకొకాయన రెండు గొట్టాల డబుల్ రైఫిల్ తప్ప వేరే మాటే ఎత్తడు. ఆదిలాబాద్ దగ్గర మా ఇంట్లో తాతగారి .315 ఉంది, దానికి లొంగని జంతువు లేదని మా నాన్నగారి నమ్మకం. నా బరువు 68 కిలోలు. భుజం అంత గట్టిదేమీ కాదు. ఏది కొనమంటారు?

జవాబు: .375 హెచ్ అండ్ హెచ్ మేగ్నమ్ కొనండి (ఈ అంకెలు సుమారుగా గుండు వ్యాసం, అంగుళాల్లో). స్కోపుతో కలిపి రైఫిల్ బరువు తొమ్మిదిన్నర పౌండ్లకు తగ్గకుండా చూసుకోండి. గుండు, అంటే తూటాలోంచి ఎగిరి వెళ్లే ముక్క, 300 గ్రెయిన్లది (గ్రెయిన్ దాని బరువు కొలత), సీసం రాగి తొడుగుకు అతుక్కుని ఉండే బాండెడ్ రకం తీసుకోండి. మిగిలిన డబ్బు తూటాల మీదా, మిగిలిన నెలలు సాధన మీదా పెట్టండి. మీ మిత్రులు అబద్ధం చెప్పడం లేదు గానీ, వాళ్లు చెబుతున్న తుపాకి చేయాల్సిన పని వేరు, మీ తుపాకి చేయాల్సిన పని వేరు.

మీరు గుండు వదిలేటప్పుడు బఫెలో నలభై నుంచి ఎనభై గజాల దూరంలో, మీ సంగతి తెలియకుండా నిలబడి ఉంటుంది. గుండెకో, గుండె పైభాగం నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళాలకో గుండును చేర్చడమే మీ పని. మీ పక్కన ఉండే ప్రొఫెషనల్ హంటర్ (అక్కడ అందరూ పీహెచ్ అంటారు) పని ఇంకొకటి. గాయపడి పొదలోంచి దూసుకొచ్చే దాన్ని పది గజాల్లో ఆపాలి. అందుకే ఆయన చేతిలో .458 లాటో, .470 నైట్రో ఎక్స్‌ప్రెస్సో, .500 జెఫ్రీయో ఉంటుంది. ఏడాదిలో ఎన్నో రోజులు దాన్ని మోసుకు తిరిగే మనిషి ఆయన. మొదటి గుండు మీరు సరిగ్గా వేస్తే ఆయన తుపాకి పేలాల్సిన అవసరమే రాదు. పెద్ద తుపాకికి జడిసి మీరు మొదటి గుండు పొట్టలో వేశారంటే, చేతిలో లాట్ ఉన్నా ఆ మధ్యాహ్నం ముగ్గురు నలుగురు మనుషులు పొదల్లోకి వెళ్లాల్సి వస్తుంది.

ముందు చట్టం సంగతి. ఏనుగు, బఫెలో, నీటిగుర్రాల వేటకు జింబాబ్వేలో గుండు వ్యాసం కనీసం 9.2 మిల్లీమీటర్లు, గొట్టం మూతి దగ్గర శక్తి కనీసం 5,300 జౌల్స్ ఉండాలి. నమీబియాలో బఫెలోకి 5,400 జౌల్స్ అడుగుతారు. .375లో 300 గ్రెయిన్ల గుండు సెకనుకు 2,530 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. అంటే దాదాపు 5,780 జౌల్స్. రెండుచోట్లా పాసవుతుంది. మీ .30-06లో 180 గ్రెయిన్ల గుండు 2,700 అడుగుల వేగంతో 3,950 జౌల్స్ దగ్గర ఆగిపోతుంది. జర్మనీలో 1905లో పుట్టిన 9.3×62 మంచి తూటాయే, వ్యాసంలోనూ గట్టెక్కుతుంది. కానీ 286 గ్రెయిన్ల మామూలు ఫ్యాక్టరీ తూటా 4,800 జౌల్స్ చుట్టుపక్కలే ఉంటుంది. ఇక తాతగారి .315. దాని గుండు వ్యాసం 8 మిల్లీమీటర్ల చిల్లర, కాబట్టి శక్తి లెక్కదాకా పోకముందే తప్పుకోవాలి. నాన్నగారి మాట కాదనకుండా దాన్ని ఇంట్లోనే ఉంచండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత అక్కడా దానికి వేట పని లేదు.

ఇక తన్ను, అంటే కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి కొట్టే దెబ్బ. తొమ్మిదిన్నర పౌండ్ల రైఫిల్లో .375 మీ .30-06 కంటే సుమారు రెండింతలు తంతుంది. పది పౌండ్ల .416 రెండున్నర నుంచి మూడింతలు, అదే బరువున్న .458 లాట్ మూడింతలు దాటి తంతుంది. .375 భుజాన్ని గట్టిగా తోస్తుంది, ఓ వంద తూటాలు కాల్చేసరికి అలవాటు పడిపోతారు. లాట్ అలా కాదు, సుత్తితో కొట్టినట్టుంటుంది. శరీరం దాన్ని గుర్తుపెట్టుకుని, తర్వాతి గుండుకు ముందే కళ్లు మూసుకుంటుంది, వేలు ట్రిగ్గర్‌ని గుంజేస్తుంది. దీన్నే ఫ్లించ్ అంటారు. ఒకసారి పట్టుకుంటే నెలల తరబడి వదలదు. బరువు తక్కువ మనుషులు లాట్ కాల్చలేరని కాదు, కాల్చేవాళ్లున్నారు. ఎనిమిది తొమ్మిది నెలల్లో సున్నా నుంచి అక్కడికి చేరాలనుకోవడమే తప్పు. తన్ను తగ్గుతుందని గొట్టం చివర మజిల్ బ్రేక్ బిగించుకునేవాళ్లూ ఉన్నారు. రేంజ్‌లో చెవులకు మఫ్స్ ఉంటాయి కాబట్టి ఫర్వాలేదు. అడవిలో మాత్రం పక్కన నిలబడ్డ ట్రాకర్ (జాడ పట్టే మనిషి) చెవులు దాంతో దెబ్బతింటాయి. చాలామంది పీహెచ్‌లు దాన్ని విప్పి పక్కన పెట్టించాకే వేట మొదలెడతారు.

.375 వయసు వందేళ్లు దాటింది. 1912లో లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ దీన్ని తెచ్చింది. కేస్, అంటే మందు నిండి ఉండే ఇత్తడి డొప్ప, పొడవుగా, ముందుకు వెళ్లేకొద్దీ సన్నబడుతూ ఉంటుంది. ఆ వాలు వల్ల చాంబర్‌లోకి (గొట్టం వెనక తూటా కూర్చునే చోటులోకి) జారినట్టు వెళ్తుంది, ఎండకు కాలిపోతున్న రోజున కూడా కాల్చిన కేస్ ఇట్టే బయటికి వస్తుంది. దక్షిణాఫ్రికా, నమీబియా, జింబాబ్వేల్లో తుపాకుల షాపు ఉన్న ఊళ్లో మొదట దొరికే పెద్ద తూటా ఇదే. మీ పెట్టె విమానంలో తప్పిపోయినప్పుడు ఈ మాట విలువ తెలుస్తుంది. 2007లో వచ్చిన .375 రూగర్ కూడా ఇంతే శక్తిమంతమైనది, కొంచెం వేగం ఎక్కువే. .30-06 పొడవు యాక్షన్‌లోనే (తూటాను ఎక్కించే బోల్ట్ ముందుకూ వెనక్కూ కదిలే యంత్రభాగం) ఇమిడిపోతుంది కాబట్టి మీ చేతికి బోల్ట్ దూరం కొత్తగా ఉండదు. డాలస్‌లో చక్కటి రైఫిల్ తక్కువ ధరకు దొరికితే కాదనక్కర్లేదు, కాకపోతే తూటాలన్నీ మీరే మోసుకెళ్లాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, గుండు. తూటా పేరు మీద వాదించుకునేవాళ్లు గంటలు గంటలు వాదిస్తారు, గుండు దగ్గరికి వచ్చేసరికి షెల్ఫ్‌లో ఏది దొరికితే అది తెచ్చుకుంటారు. బఫెలో విషయంలో పనులు చెడేది ఎక్కువగా ఇక్కడే. ఎదిగిన కేప్ బఫెలో మగది 600 నుంచి 850 కిలోలు తూగుతుంది. బురదపూత ఎండిపోయిన మందపాటి తోలు, దాని కింద వెడల్పాటి పక్కటెముకలు, వాటి ముందు జబ్బ ఎముక. మామూలు జింకల గుండు పలచటి రాగి తొడుగులో సీసం పోసి చేసింది. యాభై గజాల్లో అది ఇంకా పూర్తి వేగంతోనే ఉంటుంది. జబ్బ ఎముక తగలగానే తొడుగు ఒకవైపు, సీసం ఒకవైపు విడిపోయి, రెండూ ఊపిరితిత్తుల దాకా పోకుండానే ఆగుతాయి. వేగం ఎక్కువైతే ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. అందుకే 300 గ్రెయిన్ల గుండును సెకనుకు 2,900 అడుగులకు నెట్టే .378 వెదర్‌బీ లాంటివి కాగితం మీద గొప్పగా కనిపించినా, మెత్తటి గుండుతో బఫెలో దగ్గర అనుకున్నంత పని చేయవు.

మీకు కావలసింది రెండు రకాలు. మొదటిది సాఫ్ట్. ముందుభాగం పువ్వులా విచ్చుకుని, వెనకభాగం చెక్కుచెదరకుండా లోపలికి దూసుకుపోయేది. స్విఫ్ట్ ఎ-ఫ్రేమ్, ట్రోఫీ బాండెడ్ బేర్ క్లా, ఉడ్‌లీ వెల్డ్‌కోర్ ఈ కోవవి. పూర్తిగా రాగితో చేసిన బార్న్స్ టీఎస్ఎక్స్ కూడా మంచిదే. రాగి సీసం కంటే తేలిక కాబట్టి అంతే బరువుకి గుండు పొడవు పెరుగుతుంది, మేగజైన్‌లోనూ (రైఫిల్లో తూటాలు నింపే అర) కేస్‌లోనూ ఎక్కువ జాగా తీసుకుంటుంది. రాగి గుండులో 270 గ్రెయిన్లది తీసుకున్నా తప్పులేదు. ఏ గుండు మీ గొట్టానికి నచ్చుతుందో మీ గొట్టమే చెప్పాలి. రెండు మూడు రకాలు ఒక్కో పెట్టె కొని, వంద గజాల్లో చూసి, ఒకటి ఎంచుకున్నాక మళ్లీ మార్చకండి.

రెండోది సాలిడ్. విచ్చుకోదు, వంగదు, నేరుగా పోతుంది. గుండ్రటి ముక్కున్న పాత సాలిడ్‌ల కంటే చదును ముక్కువి లోపల దారి తప్పడం తక్కువ. గాయపడి పారిపోతున్న దాన్ని వెనక నుంచి కాల్చాల్సి వస్తే పేగుల నిండా పచ్చిగడ్డితో ఉన్న ఆ పొట్టను దాటి గుండెను చేరగలిగేది ఇదే. మొదటి గుండుగా మాత్రం సాలిడ్ వాడకండి. మందలో ఉన్న బఫెలోలోంచి అది అవతలికి దూసుకెళ్లి, వెనక ఉన్న ఆవుకో దూడకో తగిలిందంటే మీ చేతిలో రెండు గాయపడ్డ జంతువులు, ఒక అదనపు బిల్లు. మంద వదిలేసి ఇద్దరు ముగ్గురుగా తిరిగే ముసలి మగవాటిని డగ్గా బాయ్స్ అంటారు. డగ్గా అంటే అక్కడి మాటలో బురద. మీకు వాటి జాడే దొరికితే ఈ బెడద తక్కువ.

ఎలా నింపుకోవాలంటే, చాంబర్‌లో సాఫ్ట్, మేగజైన్‌లో పైన ఇంకో సాఫ్ట్, దాని కింద సాలిడ్‌లు. కొందరు పీహెచ్‌లు మొదటిది తప్ప మిగతావన్నీ సాలిడ్‌లే ఉండాలంటారు. వాదించకండి. ఆయన చెప్పినట్టే నింపుకోండి.

ఎక్కడ కాల్చాలన్నది మీ పన్నెండేళ్ల జింకల అలవాటు పాడుచేసే చోటు. జింకకి ముందరి కాలి వెనక, ఒంటి ఎత్తుకు మధ్యలో గురిపెట్టి ఉంటారు. బఫెలోకి అదే చోట పెడితే గుండు ఎత్తుగానూ వెనగ్గానూ పోతుంది. చిన్నప్పుడు ఇంట్లో పాడి గేదె ఉన్నవాళ్లు దాన్ని పక్క నుంచి గుర్తుచేసుకుంటే సగం అర్థమవుతుంది. ఆ పెద్ద డొక్క అంతా పొట్టే. గుండె ముందరి కాళ్ల మధ్య, బాగా కిందికి, బాగా ముందుకు ఉంటుంది. అది పక్కకు తిరిగి నిలబడితే ముందరి కాలి వెనక అంచు వెంట పైకి రండి. ఛాతీ అడుగు నుంచి వీపు దాకా ఉన్న ఎత్తులో మూడో వంతు దగ్గర ఆగండి. గుండు అక్కడ దిగాలి. ఇంకా పైకి పెడితే ఇంకో మోసం ఉంది. జబ్బల పైన వెన్నుపూసలకు పొడుగాటి ఎముక కొమ్ములుంటాయి. గుండు వాటికి తగిలితే బఫెలో పిడుగు పడ్డట్టు కూలుతుంది. చూసేవాళ్లు భుజం తడతారు. అర నిమిషంలో అది లేచి వెళ్లిపోతుంది. అందుకే ఎలా పడినా సరే, వెంటనే బోల్ట్ లాగి రెండోది వేయండి.

ఎదురుగా చూస్తూ నిలబడితే గడ్డం కింద, ఛాతీ నడిమధ్య. తల దించి ఉంటే ఆగండి, అది ఎత్తేదాకా. ముందుకు నడుస్తూ అవతలివైపు ఏటవాలుగా ఉంటే అవతలి జబ్బ ఎక్కడుందో ఊహించి, గుండు అక్కడికి చేరేలా ఇవతలి పక్కటెముకల్లోంచి దారి వేయండి. మొదటి గుండు పడ్డాక అది నిలబడి ఉన్నంతసేపూ, పీహెచ్ ఆపమనేదాకా, కాలుస్తూనే ఉండాలి. మొదటి గుండు బాగా పడిందనిపించినా రెండోది వేసినందుకు ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. పడిపోయాక దగ్గరికి వెనక నుంచి వెళ్లాలి. గొట్టం చివరతో కంటిని తాకాలి, రెప్ప కదలకపోయినా ఇంకొకటి వేయమంటే వేయాలి.

రైఫిల్ దగ్గరికొద్దాం. బోల్ట్ తూటాను మేగజైన్‌లోంచి లేవగానే అంచు పట్టుకుని చాంబర్ దాకా మోసుకెళ్లే మౌజర్ తరహా యాక్షన్ తీసుకోండి. దీన్ని కంట్రోల్డ్ రౌండ్ ఫీడ్ అంటారు. వించెస్టర్ మోడల్ 70, రూగర్ హాకాయ్ ఈ రకానివే. తూటాను ముందు వదిలేసి తోసే పుష్-ఫీడ్ రైఫిల్లో కంగారులో బోల్ట్ సగం తోసి మళ్లీ లాగితే, మొదటిది చాంబర్‌లోనే ఉండిపోయి రెండోది దాని వెనక వచ్చి గుద్దుతుంది. అప్పుడు రైఫిల్ కర్రతో సమానం.

యాక్షన్ మంచిదైనా మీ చేతి సంగతి చూడాలి. .30-06 తూటా మొత్తం పొడవు 3.34 అంగుళాలు, .375ది 3.60. తేడా పావు అంగుళమే. మీ చేయి పన్నెండేళ్లుగా .30-06 బోల్ట్‌ను ఎక్కడిదాకా లాగాలో నేర్చుకుంది. కంగారులో అది పాత చోటే ఆగుతుంది. కేస్ బయటికి ఎగిరిపోతుంది గానీ, బోల్ట్ తర్వాతి తూటాను అందుకునేంత వెనక్కి రాదు. మూస్తే ఖాళీ చాంబర్. ట్రిగ్గర్ నొక్కితే ‘టిక్’. ఎదురుగా బఫెలో. దీనికి మందు ఒకటే. డమ్మీ తూటాలు పది కొనుక్కుని, రోజూ సాయంత్రం పది నిమిషాలు, రైఫిల్ భుజం మీంచి దించకుండా బోల్ట్‌ను ఆగేదాకా, దెబ్బ వినపడేలా లాగడం. మెల్లిగా, మర్యాదగా లాగే అలవాటును చేయి మరిచిపోవాలి.

కొన్నాక రేంజ్‌లో తప్పకుండా చేయాల్సిన పరీక్ష ఒకటుంది. చాలామంది చేయరు. మేగజైన్ నిండా తూటాలు వేయండి. అట్టడుగున వేసే దాని మీద మార్కర్‌తో గీత పెట్టి, మొత్తం పొడవు కేలిపర్‌తో కొలిచి రాసుకోండి. పైవన్నీ కాల్చండి. గీత ఉన్న తూటా తీసి మళ్లీ కొలవండి. రెండు మూడు వేలవంతుల అంగుళం తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. పది పదిహేను దాటి కురచైందంటే గుండు కేస్‌లోకి దిగుతోందన్నమాట. జరిగేదేమిటంటే, తుపాకి తన్నినప్పుడు వెనక్కి కదులుతుంది, మేగజైన్‌లోని తూటాలు ఉన్నచోటే ఉండాలని చూస్తాయి, మేగజైన్ ముందు గోడ వచ్చి గుండ్ల ముక్కుల్ని గుద్దుతుంది. ఒక్కో పేలుడుకీ ఒక్కో గుద్దు. గుండు లోపలికి దిగితే తుపాకి మందుకి చోటు తగ్గి పీడనం పెరుగుతుంది. సీసం ముక్కు చదునైతే చాంబర్‌లోకి ఎక్కేటప్పుడు అడ్డుపడుతుంది. గుండు చుట్టూ ఉండే గాడిలోకి కేస్ మూతిని గట్టిగా నొక్కి ఉంటే, అంటే క్రింప్ బాగుంటే, ఇది జరగదు. మీ బ్రాండ్ ఈ పరీక్షలో తప్పితే పెట్టె పక్కన పెట్టి ఇంకో బ్రాండ్ తెచ్చుకోండి.

సాలిడ్‌లను కూడా మేగజైన్‌లోంచే ఎక్కించి చూడాలి, చేత్తో చాంబర్‌లో పెట్టి కాదు. చదును ముక్కు కొన్ని రైఫిళ్లలో ర్యాంప్ (తూటాను చాంబర్‌లోకి ఎక్కించే వాలు) అంచుకి ఆనుకుని ఆగిపోతుంది. అలా ఒక్కసారి ఆగినా గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి. సాఫ్ట్, సాలిడ్ రెండూ యాభై గజాల్లో దాదాపు ఒకేచోట, రెండంగుళాల లోపల పడుతున్నాయో లేదో కూడా చూసుకోండి. రైఫిల్ చెక్కలో (భుజానికి ఆనే చివర దాని మడమ, చేతితో పట్టుకునే సన్నటి చోటు దాని మణికట్టు) యాక్షన్ వెనక తోక దగ్గర విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉండాలి. ఇనుము చెక్కకి ఆనుకుని ఉంటే ప్రతి పేలుడూ చెక్కలోకి కొట్టిన మేకే. కొన్నాళ్లకు చెక్క మణికట్టు దగ్గర జుట్టంత పగులు వస్తుంది. చెక్కలో అడ్డంగా స్టీలు బోల్టులున్న రైఫిల్ అయితే మరీ మంచిది.

స్కోపు పెద్దది వద్దు. 1-4 రెట్లది గానీ 1-6 రెట్లది గానీ చాలు. కంటికీ స్కోపుకీ కనీసం మూడున్నర అంగుళాల ఖాళీ ఉండాలి. లేకపోతే మొదటిరోజే కనుబొమ మీద అర్ధచంద్రాకారం గాటు పడుతుంది. కింద బిగించే స్క్రూలు మామూలు 6-48 సైజువి కాకుండా లావుపాటి 8-40వి అడగండి. మీటతో విప్పేసే మౌంట్ అయితే స్కోపు దెబ్బతిన్నా ఐరన్ సైట్లతో (గొట్టం మీదుండే ఇనుప గురి గుర్తులతో) వేట సాగుతుంది. గురి వంద గజాలకు సరిచేసి ఉంచండి. నూట యాభై గజాల్లో గుండు రెండంగుళాలు దిగుతుంది, బఫెలోకి అది లెక్కే కాదు.

సాధన బెంచీ మీద కూర్చుని చేయకండి. భుజం నలిగేదీ ఫ్లించ్ పుట్టేదీ అక్కడే, ఎందుకంటే కూర్చున్నప్పుడు ఒళ్లు వెనక్కి ఊగలేదు. గురి సరిచేయడానికి ఐదారు తూటాలు, అదీ భుజానికీ రైఫిల్ మడమకీ మధ్య ఇసుక సంచి పెట్టుకుని, చాలు. మిగతాదంతా నిలబడి, మూడు కాళ్ల షూటింగ్ స్టిక్స్ మీద. వారానికోసారి పన్నెండు నుంచి పదిహేను, అంతకు మించి వద్దు. పదకొండో తూటాకే భుజం విసిగితే అక్కడే ఆపేయండి. మిగతా రోజుల్లో .22 రైఫిల్ ఎంత కాల్చినా మంచిదే. ఫ్లించ్ పట్టిందో లేదో తేల్చుకోవడం తేలిక. మిత్రుడిని మీకు కనపడకుండా అసలు తూటాల మధ్య డమ్మీలు కలిపి నింపమనండి. డమ్మీ వచ్చినప్పుడు గొట్టం చివర కిందికి గుంజుకుందా, ఆరోజు .375 మూసేసి .22 తీయండి. వేటకి ముందు ఇది చేయగలిగితే మీరు సిద్ధం: ఎనభై గజాల్లో ఆరంగుళాల పేపర్ ప్లేటు, మొదటిది స్టిక్స్ మీంచి, వెంటనే రెండు స్టిక్స్ లేకుండా, మొత్తం పది సెకన్లలో, మూడూ ప్లేటులో.

ఇదంతా సులువుగా అయిపోతే, తన్ను మీకు లెక్కలేనిదైతే, .416 దాకా వెళ్లొచ్చు. 400 గ్రెయిన్ల గుండు, సెకనుకు 2,400 అడుగులు, 6,900 జౌల్స్ పైమాటే. బఫెలో మీద దీని దెబ్బ .375 కంటే స్పష్టంగా తెలుస్తుంది. 1911 నాటి .416 రిగ్బీ పెద్ద కేస్‌లో తక్కువ పీడనంతో, ఐరోపా లెక్కలో 47,000 పీఎస్ఐ దగ్గర, ఈ పని చేస్తుంది. 1980ల చివర్లో వచ్చిన .416 రెమింగ్టన్ అదే పనిని .375 సైజు యాక్షన్‌లో, 65,000 పీఎస్ఐ దాకా వెళ్లే పీడనంతో చేస్తుంది. రిగ్బీ రైఫిళ్లు ఖరీదు, రెమింగ్టన్‌వి చౌక. ఏదైనా సరే, తూటాల పెట్టెను ఎండలో జీపు డ్యాష్‌బోర్డ్ మీద వదిలేయకండి. మందు వేడెక్కితే పీడనం పెరుగుతుంది, 65,000 దగ్గర పనిచేసే తూటాకి ఇంకా పెరిగే వెసులుబాటు లేదు. కేస్ చాంబర్‌లో బిగుసుకుపోయి బోల్ట్ లేవదు.

.458ల చరిత్ర మీ మిత్రులకు చెప్పండి, వాదన కొంచెం తగ్గుతుంది. 1956లో వించెస్టర్ .458 తెచ్చినప్పుడు రెండున్నర అంగుళాల కేస్‌లో 500 గ్రెయిన్ల గుండు పెట్టి 2,150 అడుగుల వేగం చెప్పింది. అంత చిన్న కేస్‌లో మందును అదిమి కూరాల్సి వచ్చింది. నిల్వలో కొన్ని గడ్డకట్టాయి, సరిగా మండలేదు, ఏనుగుల ముందు వేగం చాలా తక్కువగా తేలింది. ఇప్పటి మందులతో ఆ జబ్బు పోయింది గానీ పేరు పోలేదు. 1959లో మొజాంబిక్‌లో బఫెలో కుమ్మేసిన జాక్ లాట్ ఇంతకంటే గట్టిది కావాలని కేస్‌ను 2.8 అంగుళాలకు పెంచి 1971కి తన పేరు మీది తూటా తయారుచేశాడు. 500 గ్రెయిన్లు, 2,300 అడుగులు. లాట్ చాంబర్‌లో .458 వించెస్టర్ తూటాలు కూడా కాల్చొచ్చు, సాధనకి అదో సౌకర్యం. ఏనుగు వేటకైనా, పీహెచ్ వృత్తికైనా అది అందమైన తూటా. మొదటి బఫెలోకి మీ భుజం దాని అద్దె కట్టనక్కర్లేదు.

డబుల్ రైఫిల్ గురించి క్లుప్తంగా. రెండు గొట్టాలు ఒకేచోట కొట్టేలా ఫ్యాక్టరీలో ఒకే రకం తూటాకి సరిచేసి ఉంటాయి. వేరే గుండు వేస్తే రెండు గొట్టాలూ రెండు దారులు. ధర కారు ధర. ఐరన్ సైట్లతో డెబ్బై అయిదు గజాల లోపలే దాని రాజ్యం. వాటిలో ఎక్కువగా కనిపించే .470 నైట్రో ఎక్స్‌ప్రెస్ పుట్టడానికి మన దేశమే ఒక కారణం. తిరుగుబాటుదారుల చేతుల్లోని పాత .577/450 మార్టినీ-హెన్రీలకు తూటాలు అందుతాయన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం గత శతాబ్దం మొదట్లో ఇండియాలోకీ సూడాన్‌లోకీ .450 రైఫిళ్లు రానివ్వలేదు. దాంతో లండన్ కంపెనీలు .465, .470, .475 అంటూ చుట్టుపక్కల అంకెలన్నీ వెతుక్కున్నాయి. ఆగస్టుకి మాత్రం అది మీ పని కాదు.

ఎవరో ఒకరు మీకు బెల్ పేరు కూడా చెబుతారు, చిన్న 7×57తో ఏనుగుల్ని కూల్చాడని. నిజమే. డబ్ల్యూ.డి.ఎమ్. బెల్ ఏనుగు పుర్రెలో మెదడు ఎక్కడుందో ఏ కోణం నుంచైనా గీయగలిగిన మనిషి. సాలిడ్ గుండుతో, తొందర లేకుండా, వేల గంటల అనుభవంతో చేసిన పని అది. ఆ తూటాకి ఇప్పుడు అక్కడ చట్టమూ ఒప్పుకోదు.

ప్రయాణం సంగతి. నలభై సాఫ్ట్, ఇరవై సాలిడ్, మొత్తం అరవై తూటాలు తీసుకెళ్లండి. .375 తూటా ఒక్కోటి నలభై గ్రాముల పైచిలుకు, అంటే అంతా కలిపి రెండున్నర కిలోల చుట్టుపక్కల. చాలా విమానాల్లో ఉండే అయిదు కిలోల పరిమితిలోపే. తూటాలు రైఫిల్ పెట్టెలోనే పెట్టనిస్తారా, వేరే తాళం పెట్టె అడుగుతారా అన్నది ఎయిర్‌లైన్‌ని బట్టి ఉంటుంది, రాతపూర్వకంగా తెప్పించుకోండి. బయల్దేరేముందు అమెరికా కస్టమ్స్ ఆఫీసులో రైఫిల్ చూపించి ఫారం 4457 మీద ముద్ర వేయించుకోండి. దాని మీది సీరియల్ నంబర్‌ను రైఫిల్ మీది నంబర్‌తో మీరే ఒక్కో అంకె చూసి సరిపోల్చుకోండి. జొహానెస్‌బర్గ్‌లో దిగి వెళ్లేలా ఉంటే పోలీసుల తాత్కాలిక అనుమతి ఫారం 520 నల్లసిరాతో నింపి, సంతకం మాత్రం అధికారి ఎదుటే చేయండి. ముందే సంతకం చేసి తీసుకెళితే మళ్లీ మొదటినుంచి నింపిస్తారు, ఈలోపు హరారే విమానం వెళ్లిపోతుంది.

.30-06 కూడా తీసుకెళ్దామనిపిస్తుంది, ఇంపాలా జింకకో, వార్ట్‌హాగ్ అనే అడవి పందికో పనికొస్తుందని. వద్దు. రెండో రైఫిల్ అంటే రెండో సెట్టు కాగితాలు, రెండో పెట్టె, పైగా చేతికి మళ్లీ ఆ పాత బోల్ట్ దూరం. బఫెలో కోసం పెట్టిన ఆ 300 గ్రెయిన్ల గుండే ఇంపాలాలోంచి పెద్దగా మాంసం చెడగొట్టకుండా దూసుకెళ్తుంది. మొదటి రెండు రోజులు క్యాంపు వంటకి ఇంపాలా కావాలని పీహెచ్ అడిగితే దాన్ని .375తోనే, స్టిక్స్ మీంచే కొట్టండి. కొట్టగానే, అది పడినా సరే, బోల్ట్ ఆగేదాకా లాగండి.